బొక్కలకు బరువు కావాలె, మోకాళ్లకు నీళ్లు కావాలె

సంక్రాంతి వెళ్లిన వారం ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకున్నాను. డెక్సా స్కాన్ అంటారు. సూది లేదు, నొప్పి లేదు. బల్ల మీద పడుకుంటే పైనుంచి ఒక చెయ్యిలాంటిది మెల్లగా జరుగుతూ పోతుంది, కాసేపట్లో అయిపోతుంది. రిపోర్టులో తుంటి ఎముక మెడ దగ్గర టీ స్కోరు మైనస్ 2.6 అని ఉంది. వెన్నులో మైనస్ 2.3. ముప్పై రెండేళ్లు సర్కారు బడిలో సైన్స్ చెప్పాను. ఏ పిల్లకూ మైనస్ మార్కులు వేసిన గుర్తు లేదు. నాకు పడ్డాయి.

ఆ లెక్క తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఆరోగ్యంగా ఉన్న పడుచు వయసు ఆడమనిషి ఎముకతో మన ఎముకను పోల్చి చూస్తారు. మైనస్ 1 వరకూ బాగున్నట్టే. అక్కణ్నుంచి మైనస్ 2.5 లోపు ఉంటే పలచబడుతున్నట్టు. మైనస్ 2.5, ఆపైన కిందికి జారితే ఆస్టియోపోరోసిస్. ఈ గీత ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో గీసింది. నేను ఆ గీత దాటి ఒక్క అడుగు అవతల ఉన్నాను.

ఇంటికి రాగానే కోడలు అడిగింది, "అత్తయ్యా, డాక్టరుగారు ఏమన్నారు?" అని. "బొక్కలు గుల్లయినయట" అన్నాను. మా కోడలిది తెనాలి. లాల్‌దర్వాజకు వచ్చి ఎనిమిదేళ్లయినా కొన్ని మాటల దగ్గర ఇంకా ఆగిపోతుంది. వాళ్ల వైపు బొక్కంటే చిల్లు. మా వైపు బొక్కంటే ఎముక. "చిల్లు గుల్లవడమేంటి అత్తయ్యా?" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తరవాత ఆలోచిస్తే, ఈ జబ్బు విషయంలో తెనాలి మాటా నిజమే, లాల్‌దర్వాజ మాటా నిజమే. బొక్కలకు బొక్కలు పడటమే ఆస్టియోపోరోసిస్.

నవ్వు ఎంతోసేపు లేదు. రాత్రి పడుకుంటే అమ్మ గుర్తొచ్చింది. 2015 వానాకాలంలో మా పాత ఇంటి పెరట్లో, బాత్రూమ్ గడప దగ్గర తడి షాబాద్ బండ మీద జారింది. పెద్ద దెబ్బేం కాదు, కూలబడింది అంతే. తుంటి విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది. కానీ అమ్మ మళ్లీ నడవలేదు. పడతానన్న భయంతో మంచం దిగలేదు. మంచం దిగక కాళ్లలో బలం పోయింది, బలం పోయి భయం ఇంకా పెరిగింది. ఏడాది తిరగలేదు. పడటానికి ముందు ఆమె ఎముకల సంగతి మాలో ఒక్కరికీ తెలియదు. ఈ జబ్బుకు నొప్పి ఉండదు. విరిగినప్పుడే బయటపడుతుంది.

డాక్టరమ్మ మందు రాసింది. వారానికి ఒక మాత్ర. దానికో పెద్ద వ్రతం ఉంది: పరగడుపున లేచి, గ్లాసుడు మంచినీళ్లతో వేసుకుని, అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. చాయ్ కూడా తాగొద్దు. పాతబస్తీలో పొద్దున్నే చాయ్ వద్దంటే ఎంత కష్టమో పాతబస్తీ వాళ్లకే తెలుసు. కాల్షియం, విటమిన్ డి కూడా రాసింది. చివర్లో, "నడవండి. బరువు పడేట్టు నడవాలి, మెట్లెక్కాలి" అంది.

నడవమంటే ఎట్లా? నా రెండు మోకాళ్లూ అరిగాయి. లాల్‌దర్వాజ మోడ్ నుంచి శాలిబండ దాకా పోయి రావడానికి మధ్యలో రెండుసార్లు ఏదో ఒక దుకాణం అరుగు మీద కూర్చోవాలి. మా గల్లీల్లో కాలిబాట అన్న మాట లేదు. వెనకనుంచి బండి, ముందునుంచి ఆటో, పక్కన మోరీ. ఎముక నడవమంటుంది, మోకాలు వద్దంటుంది. మెనోపాజ్ దాటిన ఎంతమంది ఈ రెండింటి మధ్య ఇరుక్కుని ఉన్నారో మా వాడకట్టు ఒక్కటి చూస్తే చాలు. ఎవరినడిగినా ముందు మోకాళ్ల సంగతే చెబుతారు. ఎముకల సంగతి ఒక్కరూ చెప్పరు, తెలియదు కాబట్టి.

ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి పోతే ఆమె ఇచ్చిన సలహా వినగానే నవ్వులాట అనుకున్నాను. "ఆంటీ, నీళ్లల్లో నడవండి" అంది.

మా మేడ మీద అద్దెకుండే ఆపాకు ఈ మాట చెప్పాను. ఆమెకు అరవై ఆరు. నాకంటే అయిదేళ్లు పెద్ద. ఇరవై ఏళ్లుగా ఒకే మెట్ల మీద దిగుతూ ఎక్కుతూ ఉన్నాం. ఆమె మోకాళ్లు నా మోకాళ్ల కంటే అన్యాయం.

"క్యా టీచరమ్మా, ఈ వయసుల ఈతనా? నాకు నీళ్లంటెనే డర్."

"ఈత కాదు ఆపా. ఛాతీలోతు నీళ్లల్ల నిలబడి నడుసుడే."

"గంతేనా? మరి గదేదో ఇంట్ల బకెట్ల కాళ్లు పెట్టుకుంటె అయిపోదా?"

మా బస్తీ పేర్లు చూడండి. హరి బౌలి, దూద్ బౌలి. పేరులో బావులున్నాయి, దిగడానికి నీళ్లు లేవు. మా నాన్న చిన్నప్పుడు ఊరి బావిలో దూకి ఈత నేర్చుకున్నాడు. నన్ను మాత్రం గట్టు మీద బట్టలకు కాపలా కూర్చోబెట్టేవాడు. ఆడపిల్లనని. అట్లా నేను అరవై ఒకటో ఏట మొదటిసారి నీళ్లలో దిగాను. ముప్పై రెండేళ్లు ఆర్కిమెడిస్ సూత్రం బోర్డు మీద రాసిన మనిషిని! నీళ్లు మన బరువును ఎట్లా మోస్తాయో పిల్లలకు రాయి, దారం, స్ప్రింగ్ త్రాసుతో చూపించాను గానీ, నా ఒంటికి తెలియదు.

మా ఇంటికి ఆటోలో పావుగంట దూరంలో ఒక ఈతకొలను ఉంది. పేరు ఎందుకు చెప్పడం లేదో ముందు ముందు మీకే అర్థమవుతుంది. పొద్దున పదింటి నుంచి పదకొండింటి దాకా ఆడవాళ్ల బ్యాచ్. కొలను దగ్గర ఒక ఆడపిల్ల కాపలా ఉంటుంది, ఈతలో మెడల్స్ తెచ్చుకున్న పిల్ల. కాటన్ బట్టలతో దిగనివ్వరు, తడిసి బరువెక్కుతాయని. మదీనా దగ్గర బట్టల దుకాణాల్లో అడిగితే మెడ నుంచి మడమ దాకా కప్పే ఈత డ్రెస్సు దొరికింది. ఆపా దానికి తలకు టోపీ కూడా తెచ్చుకుంది. అద్దంలో చూసుకుని, "సర్కస్ జోకర్ లెక్క ఉన్న" అంది. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ నవ్వుతో సగం భయం పోయింది.

మొదటి రోజు గట్టు పట్టుకునే గంటంతా గడిపాం. రెండో రోజు గట్టు వదిలి నాలుగడుగులు. ఛాతీలోతు నీళ్లలో నడుస్తుంటే మోకాలు ఎక్కడుందో గుర్తే లేదు. దానికి కారణం నా పాత సిలబస్‌లోనే ఉంది. నడుం దాకా నీళ్లుంటే కాళ్ల మీద పడే బరువు సుమారు సగానికి తగ్గుతుంది. ఛాతీ దాకా ఉంటే మూడో వంతు చుట్టూ. మెడ దాకా మునిగితే పదో వంతే. నేను డెబ్భై రెండు కిలోలు. ఛాతీలోతులో నా మోకాళ్లకు మూడో తరగతి పిల్లంత బరువే తెలుస్తుంది. మరి వ్యాయామం ఎక్కడిది అంటారా? నీళ్లు అడ్డు పడతాయి. గాలిలో చెయ్యి ఊపితే ఏముంది, నీళ్లలో అరచెయ్యి వెడల్పుగా పెట్టి తోసి చూడండి. ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా ఎదురు తోస్తాయి. మన శక్తికి తగ్గట్టే ఉంటుంది ఆ బరువు, ఎవరూ కొలిచి ఇవ్వక్కర్లేదు.

నెలరోజులకు నా మోకాళ్లు మెత్తబడ్డాయి. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం తగ్గింది. అప్పుడు నాకు ధీమా వచ్చేసింది, ఇక ఎముకలు కూడా గట్టిపడుతున్నాయని. డాక్టరమ్మ దగ్గరికి పోయి గొప్పగా చెప్పాను. ఆమె మెచ్చుకుంది. కానీ ఒక మాటంది: "మోకాళ్లకు మంచిదే. ఎముకలకు మాత్రం ఇదొక్కటే చాలదు."

నిజం చెప్పాలంటే కోపం వచ్చింది. ఇంత కష్టపడి, ఇంత సిగ్గు చంపుకుని దిగితే చాలదంటుందేమిటి? తరవాత కూర్చుని చదివితే, సైన్స్ టీచర్నయ్యుండి ముందే తట్టాల్సిన విషయం అది.

ఎముక ఇటుక లాంటిది కాదు, బతికున్న కణజాలం. రోజూ ఒకపక్క కరుగుతూ, ఇంకోపక్క కొత్తగా పేరుకుంటూ ఉంటుంది. ఆ కరిగే పనికి ఈస్ట్రోజెన్ కళ్లెంలా ఉండేది. నెలసరి ఆగిపోయాక ఆ కళ్లెం వదులవుతుంది, కరగడం ఎక్కువవుతుంది. మొదటి కొన్నేళ్లల్లో నష్టం వేగంగా ఉంటుంది. దీనికి తోడు, ఎముక లోపలి కణాలు తమ మీద పడే బరువును, ఒత్తిడిని పసిగట్టి, 'ఇక్కడ గట్టిపరచాలి' అని కబురు పంపుతాయి. బరువు పడకపోతే కబురు లేదు. అంతరిక్షంలో నెలల తరబడి ఉండే వ్యోమగాములకు తుంటి ఎముక నెలకు ఒక శాతం, ఒకటిన్నర శాతం చొప్పున తరుగుతుంది. అక్కడ బరువే లేదు కదా. పగలూ రాత్రీ ఈత సాధన చేసే క్రీడాకారిణుల ఎముకలు కూడా జిమ్నాస్టుల ఎముకలంత గట్టిగా ఉండవు. కండలుంటాయి, ఊపిరి ఉంటుంది, ఎముక మాత్రం మామూలే. నీళ్లు మోకాలికి చేసే మేలు ఏదో, అదే మేలు ఎముకకు లోటు.

అయితే నీళ్లలో దిగడం వృథానా? ఇక్కడే నాకు కాస్త ఊరట దొరికింది. బ్రెజిల్‌లో నెలసరి ఆగిన 108 మంది ఆడవాళ్లను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుతో 24 వారాలు నీళ్లలో గట్టి వ్యాయామం చేయించారు. తీరిగ్గా తేలడం కాదు, ఆయాసం వచ్చేంత గట్టిగా. రెండు గుంపులకూ కాల్షియం, విటమిన్ డి ఇచ్చారు. వ్యాయామం లేని గుంపులో తుంటి దగ్గర ఎముక ఒక శాతం పైచిలుకు తరిగింది. నీళ్లలో చేసిన వాళ్లకు తరగలేదు. పెద్దగా పెరగలేదు గానీ, ఉన్నది నిలబడింది. అంతకంటే నన్ను పట్టుకున్నది ఇంకో సంగతి. నీళ్లలో చేసిన వాళ్లు కింద పడటం బాగా తగ్గింది.

అమ్మ గుర్తొచ్చింది మళ్లీ. ఆమె ఎముక తడి బండ మీద జారినప్పుడు విరిగింది. తుంటి ఎముక ఎంత పలచగా ఉన్నా పడకపోతే చాలామటుకు విరగదు. పడకుండా ఉండాలంటే తొడల్లో బలం, నిలకడ, కాలు జారినప్పుడు ఇంకో కాలు టక్కున వేయగల చురుకు ఉండాలి. ఇవన్నీ నీళ్లలో నేర్చుకోవచ్చు. పైగా నీళ్లలో పడితే దెబ్బ తగలదు. భయం లేకుండా తూలి, తూలి, నిలదొక్కుకోవడం నేర్పే చోటు నాకు తెలిసి అదొక్కటే. అమ్మకు ఆ భయం పోయే చోటు ఒక్కటి దొరికి ఉంటే అనిపిస్తుంది.

డాక్టరమ్మనూ ఫిజియో అమ్మాయినీ అడిగి ఒక దారి వేసుకున్నాను. మొదటి రెండు నెలలు ఛాతీలోతు. ముందుకు, వెనక్కి, పక్కకు నడక. గట్టు పట్టుకుని కాలు ముందుకూ వెనక్కూ ఊపడం. మడమలెత్తి దించడం. తరవాత నడుం లోతుకు రావడం. ఒక్క జానెడు పైకొస్తే చాలు, కాళ్లకు బరువు తెలుస్తుంది. అక్కడ చిన్న చిన్న గెంతులు కూడా వేయొచ్చు. ఆ తరవాత నేల మీద. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం, పళ్లు తోముకునేటప్పుడు గోడ దగ్గర ఒంటికాలి మీద నిలబడటం, కటకటాలు పట్టుకుని మేడ మెట్లెక్కడం. ముందుకు బాగా వంగి బరువులు లేపొద్దని, నడుం మెలితిప్పొద్దని గట్టిగా చెప్పింది ఆమె, గుల్లబారిన వెన్నుపూస నలిగిపోతుందట. గుండె జబ్బు, ఫిట్స్, మానని పుండ్లు ఉన్నవాళ్లు అసలు అడగకుండా నీళ్లలో దిగొద్దు. కొలను గట్టు మీద రబ్బరు చెప్పులు లేకుండా నడవొద్దు. ఎముకల కోసం పోయి అక్కడే జారిపడితే నవ్వుతారు.

ఆస్ట్రేలియాలో ఒక ప్రయోగం చేశారు, 2018లో వచ్చింది. ఎముకలు పలచబడ్డ 101 మంది పెద్దవయసు ఆడవాళ్లు. సగం మందితో వారానికి రెండుసార్లు అరగంట చొప్పున, పక్కన శిక్షకుడు నిలబడి, నిజంగా బరువైన ఇనుప గుండ్లు ఎత్తించారు. ఎనిమిది నెలల్లో వెన్ను ఎముక సాంద్రత దాదాపు మూడు శాతం పెరిగింది. ఆ వయసులో పెరగడమే గొప్ప. ఇది చదివి నేను రేపే జిమ్ముకు పోతానని అనుకోకండి. శిక్షకుడు లేకుండా అట్లా ఎత్తితే నడుం విరుగుతుంది. కానీ ముసలి బొక్క కూడా బరువుకు బదులు పలుకుతుందని తెలిసింది కదా, అది చాలు నాకు.

తిండి సంగతి చెప్పకుండా ఇదంతా చెబితే అబద్ధం అవుతుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న, ఆమె బృందం హైదరాబాద్‌లోనే తక్కువ ఆదాయం ఉన్న 289 మంది ఆడవాళ్లను పరీక్షించారు. 30 నుంచి 60 ఏళ్ల వాళ్లు. 2005లో అచ్చయిన ఆ పరిశోధన చదివితే గుండె చెరువవుతుంది. వాళ్లకు తిండిలో రోజుకు అందుతున్న కాల్షియం 270 మిల్లీగ్రాముల చుట్టూ. తుంటి మెడ దగ్గర ఆస్టియోపోరోసిస్ ఉన్నవాళ్లు సుమారు 29 శాతం. ఇప్పుడు భారత వైద్య పరిశోధన మండలి చెప్పే లెక్కలో నెలసరి ఆగిన ఆడవాళ్లకు రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలి. తక్కువ ఆదాయమున్న ఇంటి ఆడమనిషి ఒంటికి పని లేక కూర్చుంటుందా? నీళ్ల బిందెలు, బట్టలు, మెట్లు, పనిమనిషి పనులు. పని చేస్తే బొక్కలు గట్టిపడతాయన్న మాట నిజమే, కట్టడానికి సున్నం ఉంటే. పని ఉంది, సున్నం లేదు. నీళ్లలో దిగడానికి, డెక్సా చేయించుకోవడానికి డబ్బులున్న నాలాంటి వాళ్ల కంటే ఆ ఆడవాళ్ల సంగతే ముందు అడగాలి ఎవరైనా.

ఆపా దగ్గర కాల్షియం అంటే పాయా. చలికాలం తెల్లవారుజామున పాయా, నాన్ తింటే బొక్కలు ఉక్కవుతాయని ఆమె గట్టి నమ్మకం. బొక్కలు ఉడికించిన రసం కదా, బొక్కలకు పోతుందని. రుచి సంగతి నేను మాట్లాడను, ఆమె చేసే పాయా వాసనకు శాకాహారినైన నేనే కిటికీ తెరిచి పెట్టుకుంటాను. కానీ ఎంతసేపు ఉడికించినా ఎముకలోని కాల్షియం రసంలోకి దిగేది చాలా కొంచెం. దానికంటే గ్లాసు పాలు, గిన్నెడు పెరుగు ఎన్నో రెట్లు మేలు. రాగుల్లో వంద గ్రాములకు మూడొందల మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. పొట్టు తీయని నువ్వుల్లో ఇంకా ఎక్కువ. సకినాల్లో వేసే నువ్వులు, బగారా బైంగన్ మసాలాలో నూరే నువ్వులు, ఇద్దరి వంటింట్లోనూ నువ్వులున్నాయి. "అయితె బగారా బైంగన్ దవా అన్నమాట" అంది ఆపా. నూనె తగ్గిస్తే దవాయే అన్నాను. "నూనె లేకుంటె అది బగారా బైంగన్ కాదు" అని ముఖం మాడ్చుకుంది.

ఎండ సంగతి కూడా. పొద్దున ఆరున్నరకు మేడ మీద నిలబడితే విటమిన్ డి వస్తుందని మాలో చాలామంది అనుకుంటాం. ఆ వేళ ఎండలో అది తయారుచేసే కిరణాలు చాలా తక్కువ. తిరుపతిలో డాక్టర్ హరినారాయణ్ బృందం చేసిన పరీక్షల్లో పగలు పదకొండు నుంచి రెండింటి మధ్య ఎండలోనే బాగా తయారవుతుందని తేలింది. ఎండలు మండే తిరుపతి చుట్టుపక్కల ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా విటమిన్ డి లోపం చాలామందిలో చూశారు వాళ్లు. బురఖా వేసుకునే ఆపాకు లోపం ఉంది, చీర కట్టుకుని ఇంట్లో ఉండే నాకూ ఉంది. మా ఇళ్ల మధ్య గల్లీలోకి ఎండ మధ్యాహ్నం ఒక్క గంట దిగుతుంది, ఆ గంట మేం లోపల పడుకుంటాం. ఇప్పుడు చలికాలమైతే మేడ మీద వడియాల దగ్గర కాసేపు కూర్చుంటున్నాం, చేతులు మడిచి. ఎండాకాలంలో ఆ సాహసం చేయం. మాత్ర ఉంది.

ఇక కొలను సంగతి. ఆషాఢం దగ్గర పడుతుండగా ఒక రోజు పోతే గోడ మీద కాగితం అంటించి ఉంది. పొద్దున బ్యాచ్ పిల్లల కోచింగ్‌కు ఇచ్చేశారు, ఆడవాళ్లకు మధ్యాహ్నం రెండింటి నుంచి. మధ్యాహ్నం రెండింటికి బడి పిల్లలు వచ్చే వేళ, అన్నాలు పెట్టే వేళ, ఆపాకు నమాజు వేళ. ఎవరు వస్తారు? పదిహేను రోజుల తరవాత, 'ఆడవాళ్లు రావడం లేదు కాబట్టి' అని ఆ బ్యాచ్ కూడా తీసేస్తారని నాకు అర్థమైంది. ఇట్లాంటివి బడిలో చాలా చూశాను. ఆడపిల్లల ఆటల పీరియడ్‌ను మొదట చివరికి జరుపుతారు, తరవాత లేకుండా చేస్తారు.

పద్దెనిమిది మందిమి సంతకాలు పెట్టి కాగితం రాశాం. నేనే రాశాను, టీచరమ్మ రాత కదా. అందులో ఈత అన్న మాట ఎక్కడా రాయలేదు. తుంటి విరిగితే ఆపరేషన్‌కు ఎంతవుతుందో, మంచాన పడ్డ మనిషికి ఇంట్లో ఎంతమంది అంటిపెట్టుకుని ఉండాలో రాశాను. అక్కడి పెద్దాయన చదివి, "అమ్మా, ఈ వయసులో ఇంట్లో కూర్చుని దేవుడి పేరు చెప్పుకోవచ్చు కదా" అన్నాడు. మనిషి మంచివాడే, వెటకారం లేదు గొంతులో. అదే ఎక్కువ బాధ. వెనకాల నిలబడ్డ ఆపా ముందుకు వచ్చి, "దేవుడి దగ్గర నమాజుకు వంగాలె కదా బేటా, మోకాళ్లు వంగుతలేవు. అందుకే వస్తున్నం" అంది. ఆయనకు జవాబు దొరకలేదు.

వారానికి మూడు పొద్దుటి గంటలు దొరికాయి. ఆరు అడిగాం. మిగతా మూడూ ఇంకా అడుగుతూనే ఉన్నాం. రెండో కాగితం పోయింది.

ఈసారి లాల్‌దర్వాజ బోనాలకు నేను బోనం ఎత్తలేదు. నలభై ఏళ్లలో మొదటిసారి. బోనం కుండ నెత్తిన పెట్టుకుని గుడి దాకా నడవడమంటే అంతకంటే బరువు పడే వ్యాయామం ఏముంది అని డాక్టరమ్మతో వాదించాను కూడా. వెన్ను స్కోరు చూపించి నోరు మూయించింది. బోనం మా తెనాలి కోడలెత్తింది. ముప్పై నాలుగేళ్ల పిల్ల, ఎముకలు నిండుగా ఉండే వయసు. మెడ నిటారుగా పెట్టి నడుస్తుంటే వెనకాల వేపమండ పట్టుకుని నేను నడిచాను. మొత్తం దారి నడిచాను. ఎవరి అరుగు మీదా కూర్చోలేదు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది ఆ సంగతి.

మళ్లీ డెక్సా వచ్చే సంక్రాంతికి. ఎముక మెల్లగా మారుతుంది, ఏడాదిలోపు తీయించుకుంటే దండగ అంది డాక్టరమ్మ. మైనస్ 2.6 అట్లాగే ఉన్నా నాకు సంతోషమే, కిందికి పోకుంటే చాలు. వచ్చాక మీకు చెబుతాను, ఏ అంకె వచ్చినా.

నిన్న బ్యాచ్ అయిపోయాక ఆపా నీళ్లలోంచి బయటికి రావడం లేదు. ఛాతీలోతు గీత దగ్గరే నిలబడి ఉంది. మూడు నెలలుగా ఆ గీత దాటి నడుం లోతుకు రమ్మంటే రాలేదు ఆమె, అక్కడ మోకాలికి బరువు తెలుస్తుందని. కాపలా పిల్ల ఈల ఊదింది. అందరూ గట్టెక్కారు. ఆపా నా వైపు చూసి, కడ్డీ వదిలి, నాలుగడుగులు లోతు తక్కువ వైపు వేసింది. నీళ్లు నడుం దాకా వచ్చాయి. కాసేపు అక్కడే నిలబడి కిందికి చూసుకుంది, కాళ్లు తనవేనా అన్నట్టు.

"భారీ ఉంది టీచరమ్మా" అంది.

"ఉండాలె ఆపా" అన్నాను.

"నొప్పి మాత్రం లేదు" అని ఇంకో అడుగు వేసింది.